శత్రుమరణము, కృతజ్ఞతాస్తుతి: 1857 నాటి రాయపూరు

రాయపూరు నగరమునకు ఈశాన్యపు కొసన మోవా అను పేట ఉన్నది. ఒకనాడది ఊరి వెలుపలి పల్లె. నేడు నగరము దానిని తనలో కలుపుకొన్నది. మోవా మీదుగా సాగు బాట బలోదా బజారుకు పోవును. ఆపైన మహానది దాటినచో కస్డోల్, దానికి ఆవల సోనాఖాన్ కొండలు, వాటి చేరువనే సత్నామీల గురువు ఘాసీదాసు జన్మించిన గిరౌద్‌పురి. విజయనగరమునుండి రాయపూరునకు రైలుమార్గము పడినది మొదలు ఎందఱో తెలుగువారు ఈ నగరమున తరములుగా కాపురములు చేయుచున్నారు. అయినను ఈ బాట వెంటనున్న చరిత్ర మన పాఠకులకు అంతగా పరిచితము కాలేదు.

ఆ చరిత్రలో ఒక ప్రశ్న ఉన్నది. 1857 డిసెంబరు 10న, నేడు జయస్తంభ చౌకు అని పిలువబడు కూడలిలో, సోనాఖాన్ జమీందారు నారాయణసింహుని ఈస్టిండియా కంపెనీ అధికారులు చంపించినారు. చంపించినవారు క్రైస్తవులు, శత్రువును ప్రేమింపవలెనని, హింసించువారి కొఱకు ప్రార్థింపవలెనని బోధించిన గురువును దేవుడని కొలిచినవారు. ఏడాదిన్నర దాటిన పిమ్మట, వారి రాజప్రతినిధి దేశమంతటికిని ఒక దినము నిర్ణయించి, తిరుగుబాటు అణగినందులకు దేవునికి కృతజ్ఞతాస్తుతులు చెల్లింపవలసినదిగా ప్రకటించినాడు. కొండమీది ప్రసంగమునకును ఈ ప్రకటనకును నడుమనున్న దూరమును వారు ఎట్లు దాటగలిగినారు? ఇది ఒక్క ఆంగ్లేయులను గూర్చిన ప్రశ్న కాదు. క్రైస్తవమతము పుట్టిననాటినుండి దానిని వెన్నాడుచున్న ప్రశ్న. అయితే రాయపూరులో దానికి ఒక మనిషి మెడ, ఒక త్రాడు, ఒక తేదీ ఉన్నవి.

నారాయణసింహుడు బింఝ్వార్ అను ఆదివాసి తెగకు చెందిన జమీందారు. నాగపూరు భోంస్లేల రాజ్యమును 1854లో డల్హౌసీ కంపెనీ రాజ్యమున కలిపివేసినప్పుడు ఛత్తీస్‌గఢ్ కూడ చేతులు మారినది. క్రొత్త దొరతనము పక్షమున రాయపూరులో డిప్యూటీ కమిషనరుగా ఉన్నవాడు ఇలియట్. 1856లో కఱవు వచ్చినది. కస్డోల్‌లో మాఖన్ అను వర్తకుని కొట్లలో ధాన్యము నిండుగా ఉన్నది. చుట్టుప్రక్కల పల్లెలు పస్తులున్నవి. నారాయణసింహుడు ఆ కొట్లు తెఱపించి, గింజలను ఆకలిగొన్నవారికి పంచినాడు. చేసిన పనిని తానే అధికారులకు తెలియజేసినాడని చరిత్రకారులు చెప్పుదురు. దాచిపెట్టవలసిన నేరముగా దానిని అతడు భావింపలేదన్న మాట. వర్తకుడు ఫిర్యాదు చేసినాడు. క్రొత్త ప్రభుత్వపు శాసనమునకు ఆకలి ఒక సాకుగా గూడ కనబడలేదు. 1856 అక్టోబరు 24న సంబల్పూరులో నారాయణసింహుని పట్టుకొని రాయపూరు చెఱసాలలో ఉంచినారు.

పదినెలలు గడచినవి. ఆలోగా మీరటు, ఢిల్లీ, కాన్పూరు, లక్నో మండినవి. 1857 ఆగస్టు 28న నారాయణసింహుడు సిపాయిల తోడ్పాటుతో చెఱనుండి తప్పించుకొని సోనాఖాన్ చేరి, అయిదువందలమందిని కూడగట్టినాడు. అయిదువందలు పెద్దసంఖ్య కాదు. కాని ఆ నాటి రాయపూరు తెల్లదొరల దృష్టిలో అది పక్కలో బల్లెము. ఉత్తరమునుండి వచ్చు ప్రతి వార్తయు ఏదో ఒక దండు తిరుగబడినదనియే. ఊరిలో ఉన్న తెల్లవారు వ్రేళ్లమీద లెక్కింపదగినంతమంది. చేతిలో ఉన్నది దేశీయ సిపాయిల దళము. చెఱసాల తలుపు తీసినది ఆ సిపాయిలే. ఉత్తరదేశమున సిపాయికి ‘తిలంగా’ అని వాడుకపేరు వచ్చినది, కంపెనీ తొలినాటి పటాలములలో తెలుగునాటివారు చేరియుండుటచేతనే. నాగపూరు చెంత కాంప్టీలో మదరాసు పటాలములు కంపెనీని విడువక నిలిచినవి. రాయపూరు సిపాయిల విషయమున దొరలకు ఆ ధైర్యము లేదు.

నవంబరులో లెఫ్టినెంట్ స్మిత్ దండు కట్టి బయలుదేరినాడు. దారి చూపి, మనుషులనిచ్చి తోడ్పడినవారు దేవరీ, కటంగీ, భటగావ్, బిలాయిగఢ్ జమీందారులు. వీరిలో దేవరీ జమీందారు మహారాజ్ సాయి నారాయణసింహునికి బంధువు, పగవాడు కూడ. సోనాఖాన్ చేరునప్పటికి ఊరు ఖాళీగా ఉన్నది. స్మిత్ దానికి నిప్పు పెట్టించినాడు. తన జనమునకు ఇంకను చేటు కలుగకుండుటకై నారాయణసింహుడు డిసెంబరు 2న లొంగిపోయినాడు. 5న రాయపూరు చేర్చినారు. 9న మరణశిక్ష విధించినారు. 10న అమలు జరిపినారు. తీర్పునకును త్రాటికిని నడుమ ఒక్క రాత్రి. అంత తొందర ఎందులకు? న్యాయము నెరవేర్చువానికి తొందర ఉండదు. భయము దింపుకొనువానికి ఉండును. ఆ రాత్రిని మించి భరింపలేని భయమొకటి ఆ కచేరీలో ఉన్నదని ఆ తేదీలే చెప్పుచున్నవి.

భయము దిగినప్పుడు కలుగునది ఊరట. దానిని తప్పుపట్టుట తేలిక. కాని తప్పుపట్టువాడు తన గుండెపై చేయి వేసికొని చూచుకొనవలెను. పగవాడు పోయినాడని వినినప్పుడు తెలుగువాని నోట మొదట వెడలునది ‘హమ్మయ్య’. పీడ వదిలినదనియు, శని విరగడయినదనియు అనుట మన పలుకుబడి. మన దీపావళి నరకాసురుడు చచ్చిన సంబరమే గదా! అయితే మన కావ్యములు ఆ సంబరముతో ఆగలేదు. రావణుడు కూలిన పిమ్మట అతనికి ఉత్తరక్రియలు చేయుటకు తమ్ముడే వెనుకాడగా, పగ చావుతో తీరినదని చెప్పి జరిపింపుమన్నవాడు రాముడు. కురుక్షేత్రము గెలిచిన ధర్మరాజు సింహాసనము చూచి ఏవగించుకొన్నాడు. తిక్కన తెనిగించిన స్త్రీపర్వమున గెలిచినవారి ఏడుపునకును ఓడినవారి ఏడుపునకును భేదము తెలియదు. గెలుపు ఊరటనిచ్చును, ఊరట వెంట ఏదో ఋణము వచ్చును అను ఎఱుక మన సాహిత్యమున మొదటినుండి ఉన్నది.

క్రైస్తవుల వేదగ్రంథము ఈ విషయమున ఒక్క గొంతుతో మాటాడదు. నిర్గమకాండమున ఫరో సేన సముద్రమున మునిగినప్పుడు మిర్యాము తంబుర పట్టి స్త్రీలతో నాట్యమాడినది. కీర్తనలలో కొన్ని పగవాని పసిబిడ్డల చావును గూడ కోరినవి. వానిని ఆరాధనలో చదువుటకు నేటికిని వెనుకాడు సంఘములున్నవి. సామెతల గ్రంథము మరింత చిత్రము. దుర్మార్గులు నశించినప్పుడు ఊరు ఉత్సాహధ్వనులు చేయునని ఒకచోట ఉన్నది. శత్రువు పడినప్పుడు సంతోషింపరాదని మరియొకచోట హెచ్చరిక ఉన్నది. ఆ హెచ్చరికకు చెప్పిన కారణము గమనింపదగినది: నీ సంతోషము దేవునికి నచ్చక, ఆయన తన కోపమును నీ శత్రువుమీదనుండి త్రిప్పుకొనునేమో అని. శత్రువుపై జాలికొఱకు కాదు, నీ గర్వమునకు విరుగుడుగా.

అన్నిటికంటె లోతైనది దావీదు కథ. సౌలు అతనిని ఏండ్ల తరబడి అడవులవెంట వేటాడినాడు. గిల్బోవ కొండపై సౌలు చచ్చినాడను వార్తను, కిరీటముతో సహా, ఒక అమాలేకీయుడు బహుమతి ఆశించి తెచ్చినాడు. దావీదు బట్టలు చించుకొని ఏడ్చినాడు, వార్త తెచ్చినవానిని చంపించినాడు, సౌలునకు విలాపగీతము రచించినాడు. ఇందు రాజనీతి కూడ లేకపోలేదు. రాజును చంపినవానిని మెచ్చుకొన్న కాబోవు రాజు తన మెడకే ఉరి పన్నుకొన్నట్లు. కాని తండ్రిపై తిరుగబడిన అబ్షాలోము చచ్చినప్పటి ఏడుపులో ఏ రాజనీతియు లేదు. గెలిచి వచ్చిన సేన దొంగలవలె తలవంచుకొని నగరము చొచ్చినదట. నీవు పగవారిని ప్రేమించి, నీవారిని ద్వేషించుచున్నావని సేనాపతి యోవాబు రాజును గద్దించినాడు. యోవాబు పలికినది లోకరీతి. విశేషమేమనగా, కొన్ని శతాబ్దముల తరువాత అదే వంశమున పుట్టినవాడని చెప్పబడిన గురువు, యోవాబు నిందగా ఎత్తిపొడిచిన దానినే ఆజ్ఞగా చేసినాడు.

ఆ ఆజ్ఞను తొలి క్రైస్తవులు ఎట్లు పాటించినారు? వారు హింసలు పడినంతకాలము ప్రశ్న సులభము. నాలుగవ శతాబ్దమున హింస ఆగినది. అప్పుడు చిక్కు వచ్చినది. క్రైస్తవులను వేధించిన చక్రవర్తులు ఎంత ఘోరముగా చచ్చినారో వర్ణించుచు లాక్టాంటియస్ 314, 315 ప్రాంతమున ఒక గ్రంథము వ్రాసినాడు. గలేరియస్ దేహము పురుగులుపట్టి కుళ్లిన తీరును అతడు ఎంత వివరముగా వ్రాసినాడనగా, చదువరికి రోగముకంటె రచయిత తృప్తియే ఎక్కువ వెగటు కలిగించును. అయినను న్యాయముగా చెప్పవలెనన్న, అది చెఱ విడిచి బయటికి వచ్చినవాని తృప్తి. అతని తోటివారు గనులలో కన్ను పోగొట్టుకొన్నవారు, కాలు పోగొట్టుకొన్నవారు. 363లో జూలియన్ చక్రవర్తి పారశీక యుద్ధమున చనిపోయినప్పుడు అంతియొకయ నగరమున విందులు, నాట్యములు జరిగినవని థియొడొరెట్ వ్రాసినాడు. నాజియాంజస్ గ్రెగరీ ఆ సందర్భముననే జూలియన్‌పై రెండు ప్రసంగములు నిప్పులు చెరుగుచు రచించినాడు. కాని ఆ గ్రెగరీయే తుదకు వచ్చి, చేతికి అధికారము వచ్చినది గదా అని పాతపగలు తీర్చుకొనరాదని శ్రోతలను హెచ్చరించినాడు. ఉత్సాహము ఒక కంఠమున, భయము అదే కంఠమున.

దాదాపు ఆ కాలముననే మరియొక ఆచారము రూపుకట్టినది. రాయపూరు కథకు ఇదియే కీలకము. కేసరియ పీఠాధిపతి బాసిల్, యుద్ధమున శత్రువును చంపినవానిని హంతకుడనలేదు. కాని వాని చేతులు శుద్ధము కావని, మూడేండ్లు ప్రభురాత్రి భోజనమునకు దూరముగా ఉండుట మంచిదని ఆలోచన చెప్పినాడు. 394లో ఫ్రిజిడస్ నదీతీరమున థియొడోసియస్ చక్రవర్తి తన ప్రత్యర్థి యూజీనియస్‌ను గెలిచినాడు. ఆ గెలుపు దైవకృపయేనని నాటి క్రైస్తవులందఱు నమ్మినారు. అయినను చక్రవర్తి, శత్రువులు చచ్చినారను కారణముచేత, కొంతకాలము సంస్కారభోజనమునకు దూరముగా ఉన్నాడని మరుసటి ఏట అతని అంత్యక్రియల ప్రసంగమున మిలాను పీఠాధిపతి అంబ్రోస్ మెచ్చుకోలుగా చెప్పినాడు. అది దొంగచాటుగా చేసిన హత్య గాదు. తమవారందఱు ధర్మయుద్ధమనుకొన్న యుద్ధము. అందును గెలిచినవాడు ఆరాధనశాలకు సంబరముతో పోలేదు, వెనుకకు జరిగి నిలిచినాడు.

ఈ ఆచారము బహుకాలము బ్రతికినది. 1066లో నార్మనులు పోపు ఆమోదము పొంది హేస్టింగ్స్ యుద్ధము గెలిచి ఇంగ్లండును వశపఱచుకొన్నారు. కొద్ది ఏండ్లలో పోపు ప్రతినిధి ఎర్మెన్‌ఫ్రిడ్ వచ్చి ఆ గెలిచినవారికే ప్రాయశ్చిత్తములు విధించినాడు: ఎంతమందిని చంపినచో అన్ని ఏండ్ల ప్రాయశ్చిత్తము, ఎందఱిని చంపెనో ఎఱుగనివాడు బ్రతికినంతకాలము వారమున ఒక దినము, లేదా గుడి కట్టించుట, ఉన్న గుడికి దానమిచ్చుట. ఇందు ధనవంతునికి తప్పుకొను దారి ఉన్నదని ఎవరైన ఎత్తిచూపవచ్చును, నిజమే. కాని లెక్క అడిగినారు. చచ్చిన పగవానిని ఒక్కొక్కనిగా లెక్కించుమన్నారు. ఈ స్వరము నేటికిని పూర్తిగా అణగలేదు. 2011 మే 2న ఒసామా బిన్ లాడెన్ చావు వార్త వచ్చి కొన్ని నగరములలో జనము వీధులకెక్కి కేరింతలు కొట్టినప్పుడు, ఒక మనిషి చావునకు క్రైస్తవుడు ఎన్నడును సంతోషింపడని వాటికన్ ప్రతినిధి లొంబార్డి ప్రకటించినాడు.

హేస్టింగ్స్ విజేతల నేలనుండియే రాయపూరునకు ఇలియట్, స్మిత్ మొదలగువారు వచ్చినారు. వారి నాటికి లెక్కలడుగు ఆచారము మఱుగుపడినది. ప్రొటెస్టంటు సంస్కరణము పాత ప్రాయశ్చిత్తపద్ధతిని త్రోసిపుచ్చినది. అందు అవినీతి పెరిగినమాట నిజము గనుక ఆ త్రోసివేతకు కారణములున్నవి. అయితే ఆ పద్ధతితోబాటు, గెలిచినవాడు వెనుకకు జరిగి నిలువవలెనను భావము కూడ పోయినది. దాని స్థానమున దేశమంతయు కలిసి పాటించు ఉపవాసదినము, కృతజ్ఞతాదినము అనునవి మిగిలినవి. కష్టము వచ్చినప్పుడు మొదటిది, కష్టము తీరినప్పుడు రెండవది.

1857 అక్టోబరు 7న ఇంగ్లండు ఉపవాసదినము పాటించినది. లండను నగరమున స్ఫటికభవనములో ఇరువదిమూడేండ్ల ప్రసంగకుడు స్పర్జన్ 23,654 మంది ఎదుట నిలిచి మాటాడినాడు. సిపాయిలను శిక్షింపవలసినదే, ఖడ్గము దూయవలసినదే అని అతడు చెప్పినాడు. పగ కాదు, న్యాయమని దానికి పేరు పెట్టినాడు. అయినను కంపెనీ పరిపాలన చేసిన పాపములను గూడ అతడు దాచలేదు. ఉపవాసదినమున కొంతయైన ఆత్మపరీక్షకు చోటు ఉన్నదనుటకు ఇది సాక్ష్యము. భయము బలముగా ఉన్నప్పుడు మనిషికి తన తప్పులు జ్ఞాపకము వచ్చును. భయము తగ్గినకొలది ఆ జ్ఞాపకమును తగ్గును.

భయమే క్రౌర్యముగా మారినచోట్లును ఉన్నవి. అమృతసర డిప్యూటీ కమిషనరు ఫ్రెడరిక్ కూపర్ 1857 ఆగస్టు 1న అజ్నాలా అను ఊరిలో, అలసి ఆకలితో పట్టుబడిన 26వ పటాలపు సిపాయిలలో 237 మందిని కాల్పించినాడు. 45 మంది మూసిన గదిలో ఊపిరాడక చచ్చినారు. అందఱిని ఒక పాడునూతిలో పడవేసినారు. మరుసటి ఏట అతడే దీనిని గ్రంథముగా వ్రాసి, గొప్పకార్యముగా చాటుకొన్నాడు. ఆ నూతినుండి 2014లో ఎముకలు వెలికి తీసినారు. ఇటువంటి గొంతుల నడుమ గవర్నరు జనరలు కానింగ్, తిరుగుబాటులో పాల్గొనినవారినందఱిని విచక్షణలేక చంపరాదని 1857 జూలై 31న ఉత్తరువు చేసినందుకు, అతని జాతివారే ‘దయామయ కానింగ్’ అని ఎగతాళి చేసినారు. దయ అనునది తిట్టుమాట అయిన దినములవి. కృతజ్ఞతాదినము ప్రకటింపవలసి వచ్చినది ఆ కానింగే. ఇంగ్లండులో 1859 మే 1న, హిందూదేశమున అదే ఏడు జూలై 28న కృతజ్ఞతాస్తుతులు జరిగినవి. కఱవులో ధాన్యము పంచినందుకు మొదలై ఉరికంబము వరకు వచ్చిన సోనాఖాన్ కథయు ఆ స్తుతులలో కలిసిపోయినది. బాసిల్ నాడు చంపినవాడు గుడి గుమ్మమునకు దూరముగా నిలువవలెను. 1859లో చంపించినవాడు గుడిలో ముందువరుసన కూర్చున్నాడు.

ఇందు గమనింపవలసిన భేదమొకటి ఉన్నది. లాక్టాంటియస్ ఊరట బలహీనునిది. కత్తి తన మెడపైనుండి లేచినది గనుక ఊపిరి పీల్చుకొన్నాడు. ఆ ఊపిరి కొంత దుర్వాసన కొట్టినను అది ఊపిరియే. కత్తి పట్టినవాడు ఊపిరి పీల్చుకొనుట వేఱు. అతడు తన ఊరటను దేవుని సంకల్పమునకు అంటగట్టిన మరుక్షణమే చచ్చినవాడు తన శత్రువుగా మిగులడు, దేవుని శత్రువగును. ఇక అతనిని గూర్చి అడుగవలసిన ప్రశ్నలేవియు ఉండవు: మాఖన్ కొట్లలో ఎంత ధాన్యమున్నది, పల్లెలు ఎన్నినాళ్లు పస్తులున్నవి, ఒక్కరాత్రిలో తీర్పు ఎట్లు ముగిసినది అను ప్రశ్నలు. ఊరట మనిషిది, దానిని మనిషి దగ్గఱనే ఉంచినచో పశ్చాత్తాపమునకు దారి ఉండును. దేవుని పరము చేసినచో ఆ దారి మూసికొనిపోవును.

రాయపూరు దొరల ఊరటయైనను ఎంతకాలము నిలిచినది? ముప్పదితొమ్మిది దినములు. 1858 జనవరి 18 సాయంకాలము, మూడవ దేశీయ పదాతిదళమునకు చెందిన హనుమాన్‌సింహుడను రాజపుత్రుడు, సార్జెంట్ మేజర్ సిడ్వెల్ ఇంట దూరి అతనిని పొడిచి చంపినాడు. తోడి సిపాయిలను తిరుగబడుమని కేకవేసినాడు. కొందఱు మాత్రమే కదలినారు. కొన్ని గంటలలో పదునేడుగురు పట్టుబడినారు. వారిలో గాజీఖాను, శివనారాయణుడు, అక్బర్ హుస్సేను, మాతాదీను, హిందువులు, ముసల్మానులు కలిసియున్నారు. జనవరి 22న తోటి సిపాయిలందఱు చూచుచుండగా వారిని ఉరితీసినారు. ఈసారి నాలుగు దినములు పట్టినది.

రాయపూరు చుట్టుపట్టులకు క్రైస్తవమత ప్రచారకుడు వచ్చినది ఇంకొక పదియేండ్లకు. అతని కథ ఈ ప్రశ్నకు మరియొక అంచు. ఆస్కార్ లోర్ సైలీషియా దేశమున 1824లో పుట్టినాడు. గోస్నర్ మిషను పక్షమున రాంచీ వచ్చి అక్కడి ఆదివాసులలో పనిచేసినాడు. 1857 ఆగస్టులో రాంచీ దండు తిరుగబడినది. మిషనరీలు ప్రాణములరచేత పట్టుకొని కలకత్తా పారిపోయినారు. రెండేండ్ల క్రితమే పూర్తియైన వారి దేవాలయముపై తిరుగుబాటుదారులు ఫిరంగి పేల్చినారు. క్రైస్తవులైన ఆదివాసులు కొల్లబడి అడవులు పట్టినారు. మరుసటి ఏప్రిలులో రాంచీ తిరుగుబాటు నాయకులు ఠాకూర్ విశ్వనాథ శాహదేవుని, పాండే గణపతిరాయిని అదే ఊరిలో ఉరితీసినారు. శత్రువు చావున ఊరటపొందు హక్కు ఎవరికైన ఉన్నదన్నచో, ఇల్లు వాకిలి వదలి అడవిలో దాగిన ఆ క్రైస్తవ ఆదివాసులకు ఉన్నది. వారి వెనుక లోర్‌కు ఉన్నది.

లోర్ అమెరికా పోయి జర్మను సంఘములకు గురువుగా పనిచేసినాడు. 1868లో తిరిగి వచ్చినది రాంచీకి కాదు, రాయపూరునకు. ఆయన దృష్టి సత్నామీలపై పడినది. విగ్రహములు వదలి ఒక్క సత్యనామమునే కొలువుమని ఘాసీదాసు బోధించిన జనమది. ఆ జనము అప్పటికి ఎనిమిదేండ్ల క్రితమే తమ గురువును శత్రువుల చేతిలో పోగొట్టుకొన్నది. ఘాసీదాసు కుమారుడు బాలక్‌దాసు, అంటరానివారనబడిన తనవారికి జంధ్యము వేయించినాడని అగ్రకులములు మండిపడినవి. 1860లో ఆయన హతుడైనాడు. ఆ మరణమున ఎవరెవరు ‘హమ్మయ్య’ అనుకొన్నారో ఊహింపవచ్చును. శత్రుమరణపు ఊరట దొరల సొత్తు మాత్రమే కాదు.

లోర్ బీడునేల కొని, అడవి నరికించి ఒక ఊరు కట్టించినాడు. దానికి బిశ్రాంపూర్ అని పేరుపెట్టినాడు. తెలుగువానికి ఆ పేరులోని విశ్రామశబ్దము వెంటనే తెలియును. పదియేండ్లు దేశములు తిరిగినవాడు పెట్టదగిన పేరే. ఆ ఊరిలో మతగురువును ఆయనయే, భూస్వామియు ఆయనయే. దొరతనపు అండ ఆయనకు ఉన్నది. సత్నామీలు గుంపులుగా వచ్చి చేరుదురనుకొన్న ఆశ తీరలేదు. వీనిని దాచి ఆయనను ఋషిగా చిత్రింప పనిలేదు. కాని తనవారిని తఱిమిన దేశమునకు, ఉరికంబముల జ్ఞాపకము ఆఱని ఊరికి తిరిగి వచ్చి, వైద్యము చేయుచు, బడి పెట్టుచు ఆ జనము నడుమ ముసలివాడగుట, 1859 జూలై 28 నాటి స్తుతికంటె ఆ గురువు ఆజ్ఞకు కొంత చేరువ అని ఒప్పుకొనవలెను.

సోనాఖాన్‌లో ఊరట వేఱుదారి పట్టినది. దొరలకు దారిచూపిన మహారాజ్ సాయిని, తరువాతి కాలమున నారాయణసింహుని కుమారుడు గోవిందసింహుడు చంపి పగ తీర్చుకొన్నాడని ఛత్తీస్‌గఢ్ చరిత్రకారులు వ్రాసినారు. ఇక జనస్మృతి చేసిన పని మరియొకటి. నారాయణసింహుని ఉరితీసినట్లు దస్తావేజులు చెప్పుచున్నవి. జనము మాత్రము ఫిరంగి నోట కట్టి పేల్చినారని చెప్పుకొందురు. 1987లో తపాలాశాఖ వెలువరించిన బిళ్లపై గూడ ఫిరంగి ఉన్నది. మన మన్యపు కథ ఇందుకు తోడబుట్టినదే. 1924 మే 7న అల్లూరి సీతారామరాజును కాల్చి చంపి ప్రభుత్వము ఊపిరి పీల్చుకొన్నది. రాజు చావలేదని, ఎక్కడనో సన్న్యాసియై ఉన్నాడని ఎందఱో ఏండ్ల తరబడి నమ్మినారు. గెలిచినవాడు ఏ మరణమును చూచి తృప్తిపడెనో, ఓడినవాడు ఆ మరణమును ఉన్నదున్నట్లు ఒప్పుకొనడు. పెద్దది చేయును, లేదా లేదనును. చరిత్రకారుడు దస్తావేజు పక్షమున నిలువవలసినదే. కాని దస్తావేజు వ్రాసినవాడు భయము తీరినవాడని మరువరాదు.

హనుమాన్‌సింహుడు మాత్రము దొరకలేదు. సిడ్వెల్‌ను చంపిన రాత్రి రాయపూరు దండునుండి మాయమైనవాడు మరల ఎవరికిని చిక్కలేదు. 1859 జూలైలో స్తుతిగీతములు పాడిననాటికి అతడు ఎక్కడ ఉన్నది ప్రభుత్వమునకు తెలియదు. అతని చావును గూర్చిన కాగితము ఏదియు రాయపూరు కచేరీకి చేరలేదు.